లాంచ్ పవర్ పెంచాక ఓఎస్‌ఎన్‌ఆర్ మెరుగైంది, తప్పులు మాత్రం పెరిగాయి. ఎందుకు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. 80 కిలోమీటర్ల స్పాన్లు (రెండు యాంప్లిఫయర్ల మధ్య ఫైబర్ ముక్కలు) 12, మామూలు జీ.652 ఫైబర్, ప్రతి స్పాన్ చివర కాంతిని నేరుగా పెంచే ఈడీఎఫ్‌ఏ యాంప్లిఫయర్, 50 గిగాహెర్ట్జ్ ఎడంతో 32 గిగాబాడ్ (సెకనుకు 3,200 కోట్ల సంకేతాలు) 16-క్వామ్ (ఒక్కో సంకేతం 16 బిందువుల్లో ఒకటి) చానెళ్లు. మార్జిన్ చాలడం లేదని చానెల్‌కు 0 డీబీఎం (ఒక మిల్లీవాట్) ఉన్న లాంచ్ పవర్‌ను, అంటే ప్రతి స్పాన్‌లోకి పంపే కాంతిని, +3కి (రెండు మిల్లీవాట్లకు) పెంచారు. స్పెక్ట్రం ఎనలైజర్‌లో ఓఎస్‌ఎన్‌ఆర్ (నాయిస్‌తో పోల్చితే సిగ్నల్ ఎంత ఎక్కువో చెప్పే అంకె) దాదాపు 3 డీబీ బాగుపడింది. కానీ ప్రీ-ఎఫ్‌ఈసీ బీఈఆర్ (రిసీవర్ దిద్దకముందు బిట్లలో తప్పుల వాటా) మునుపటికన్నా చెడింది. ఇది పరికరం లోపమా, రిసీవర్‌లో నాన్‌లీనియర్ కాంపెన్సేషన్ (ఎక్కువ కాంతి వల్ల ఫైబర్‌లో పుట్టే వక్రీకరణను లెక్కతో సరిచేసే సదుపాయం) లైసెన్సు తీసుకుంటే తీరుతుందా అని అడుగుతున్నారు.

ముందు జవాబు చెబుతాను. పరికరం లోపం ఏమీ లేదు. మీరు ఫైబర్‌లోకి అది మోయగలిగినదానికన్నా ఎక్కువ కాంతిని పంపుతున్నారు. పవర్‌ను మళ్లీ దించండి. మీ లింకుకు సరైన విలువ 0కీ +1 డీబీఎంకీ మధ్య ఎక్కడో ఉంటుందని నా అంచనా. కచ్చితమైన విలువను ఎలా పట్టుకోవాలో కింద రాస్తాను. లైసెన్సు వల్ల దక్కేది అర డీబీ అటూ ఇటూ. పవర్ పెంచి మీరు పోగొట్టుకున్నది అంతకు మూడింతలు ఉంటుంది. కాబట్టి డబ్బు ఖర్చు పెట్టే ముందు లైన్‌ను సరిచూసుకోవడం మంచిది.

ఇప్పుడు కారణం. విద్యుత్ క్షేత్రం పడితే గాజు వక్రీభవన గుణకం మారుతుందని జాన్ కెర్ 1875లో గమనించారు. కాంతిలోనూ విద్యుత్ క్షేత్రం ఉంటుంది కాబట్టి, తాను ప్రయాణించే గాజును అది తానే కొద్దిగా మార్చుకుంటూ పోతుంది. గాజులో ఈ గుణం నిజానికి చాలా బలహీనం. అయితే ఫైబర్‌లో రెండు విషయాలు దాన్ని పెద్దది చేస్తాయి. ఒకటి, కోర్ ఇరుకు. జీ.652లో కాంతి ఆక్రమించే వైశాల్యం సుమారు 80 చదరపు మైక్రోమీటర్లు. ఎనభై చానెళ్లు కలిసి 100 మిల్లీవాట్లు అయితే, అంత చిన్న చోట ఆ తీవ్రత భూమి మీద పడే నడిమధ్యాహ్నపు ఎండకు పన్నెండు లక్షల రెట్లు. రెండోది దూరం. ప్రయోగశాల బల్ల మీద కనిపించని ప్రభావం వందల కిలోమీటర్లలో పోగుపడుతుంది.

చిన్న లెక్క చూడండి. ఒక మిల్లీవాట్ చానెల్ ఒక్క స్పాన్‌లో తన ఫేజ్‌ను (తరంగం దశను) తానే తిప్పుకొనేది 0.03 రేడియన్ కూడా ఉండదు. 12 స్పాన్లకు అది రేడియన్‌లో మూడో వంతు అవుతుంది. 16-క్వామ్ చిత్రంలో బయటి బిందువుల్లో అతి దగ్గరివాటి మధ్య కోణం అర రేడియన్‌కన్నా తక్కువ. ఈ మలుపు స్థిరంగా ఉంటే రిసీవర్ తేలిగ్గా సరిచేసుకొనేది. కానీ అది పవర్ హెచ్చుతగ్గులతో పాటు క్షణక్షణం మారుతుంది. మీ చానెల్ సొంత హెచ్చుతగ్గులే కాదు, పక్క చానెళ్లవి కూడా మీ ఫేజ్‌ను తిప్పుతాయి. సొంతంగా చేసుకొనేదాన్ని ఎస్‌పీఎం అని, పక్కవాళ్లు చేసేదాన్ని ఎక్స్‌పీఎం అని, మూడు పౌనఃపున్యాలు కలిసి నాలుగోదాన్ని పుట్టించడాన్ని ఎఫ్‌డబ్ల్యూఎం అని విడివిడిగా పిలుస్తాం. మూడింటి మూలం ఒకటే.

డిస్పర్షన్‌ను (తరంగదైర్ఘ్యాన్ని బట్టి వేగం మారి పల్సులు సాగిపోవడాన్ని) దారిలో కాంపెన్సేట్ చేయని కోహెరెంట్ (కాంతి ఫేజ్‌ను కూడా చదివే) లింకుల్లో ఒక సౌకర్యం ఉంది. పల్సులు కొద్ది కిలోమీటర్లలోనే సాగిపోయి, ఒకదానిలో ఒకటి కలిసిపోయి, నాయిస్‌లాగా కనిపిస్తాయి. అందుకే అక్కడ పుట్టే వక్రీకరణను కూడా ఇంకొక నాయిస్‌గా లెక్కపెట్టవచ్చు. జీఎన్ (గాసియన్ నాయిస్) మోడల్ చెప్పేది ఇదే. యాంప్లిఫయర్ నాయిస్ మీరు పంపే పవర్‌తో మారదు. నాన్‌లీనియర్ నాయిస్ పవర్ ఘనంతో పెరుగుతుంది. పవర్ ఒక డీబీ పెంచితే అది మూడు డీబీ పెరుగుతుంది. అంటే తక్కువ పవర్ దగ్గర ఒక డీబీ పెంచితే ఒక డీబీ లాభం. ఎక్కువ పవర్ దగ్గర అదే ఒక డీబీకి రెండు డీబీల నష్టం. రెండింటి మధ్య ఒక శిఖరం ఉంటుంది. నాన్‌లీనియర్ నాయిస్ సరిగ్గా యాంప్లిఫయర్ నాయిస్‌లో సగం అయినచోట ఆ శిఖరం వస్తుంది. రెండూ సమానం అయ్యేదాకా పెంచవచ్చని చాలామంది అనుకుంటారు. అప్పటికే పవర్‌లో శిఖరాన్ని ఒక డీబీ దాటిపోయి ఉంటారు.

ఈ శిఖరం ఆకారం ఎలా ఉంటుందో మనసులో ఉంచుకోండి, పనికొస్తుంది. అసలు విలువకన్నా ఒక డీబీ తక్కువ పంపితే నష్టం 0.2 డీబీ మాత్రమే. ఒక డీబీ ఎక్కువైతే 0.25. రెండు డీబీ తక్కువైతే 0.8 వరకు, ఎక్కువైతే పూర్తిగా 1. మూడు డీబీ తక్కువైతే 1.5, ఎక్కువైతే 2.2. శిఖరం దగ్గర నేల చదునుగా ఉంటుంది, ఎడమ వాలు నెమ్మది, కుడి వాలు నిలువు. అందుకే నేను ఏ లింకునైనా శిఖరానికి అర డీబీ నుంచి ఒక డీబీ ఎడమవైపే ఉంచుతాను. పోయేది దాదాపు ఏమీ లేదు. యాంప్లిఫయర్ కొంచెం ఊగినా, కొత్త చానెళ్లు వచ్చి చేరినా లింకు కుడివైపు వాలులోకి జారదు.

మరి ఓఎస్‌ఎన్‌ఆర్ ఎందుకు బాగుపడినట్టు చూపింది? స్పెక్ట్రం ఎనలైజర్ చానెళ్ల మధ్య సందుల్లో కనిపించే నాయిస్‌ను కొలిచి, దాని ఆధారంగా చానెల్ కింద ఎంత ఉందో ఊహిస్తుంది. నాన్‌లీనియర్ నాయిస్‌లో ఎక్కువ భాగం సిగ్నల్ ఉన్న పౌనఃపున్యాల్లోనే, సిగ్నల్‌ను అంటిపెట్టుకుని ఉంటుంది. పరికరానికి అది సిగ్నల్‌లాగానే కనిపిస్తుంది. చానెల్‌ను ఆపి కింద మిగిలిన నాయిస్‌ను కొలిచే పద్ధతిలోనూ ఇదే ఇబ్బంది, చానెల్ ఆగగానే దాని వక్రీకరణ కూడా ఆగిపోతుంది. కాబట్టి ఎనలైజర్ చూపిన 3 డీబీ నిజమే, కానీ అది యాంప్లిఫయర్ నాయిస్ గురించి మాత్రమే. మొత్తం సంగతి తెలిసేది రిసీవర్‌కే. ఓఎస్‌ఎన్‌ఆర్ ఒకవైపు, బీఈఆర్ ఇంకోవైపు నడిస్తే మొదట నాన్‌లీనియారిటీని అనుమానించండి.

ఇక శిఖరాన్ని పట్టే పద్ధతి. రద్దీ లేని సమయం చూసుకుని, అన్ని స్పాన్ల లాంచ్ పవర్‌ను −3 నుంచి +3 డీబీఎం వరకు ఒక్కో డీబీ చొప్పున మార్చండి. ప్రతి మెట్టు దగ్గరా కొన్ని నిమిషాలు ఆగి ప్రీ-ఎఫ్‌ఈసీ బీఈఆర్ రాసుకోండి. బీఈఆర్‌ను ఎస్‌ఎన్‌ఆర్‌గా (మొత్తం నాయిస్‌తో సిగ్నల్ నిష్పత్తిగా) మార్చి గీస్తే శిఖరం కనిపిస్తుంది. ఒక్క చానెల్‌తో సరిపెట్టుకోవద్దు. బ్యాండ్ రెండు కొసల్లో ఒకటి, నడుమ ఒకటి తీసుకోండి. లింకులో చానెళ్లు సగమే నిండి ఉంటే, మిగతా స్థలాన్ని యాంప్లిఫయర్ నాయిస్‌ను చెక్కి తయారుచేసిన నకిలీ చానెళ్లతో నింపి కొలవండి. లేకపోతే ఈ రోజు దొరికిన శిఖరం రేపు లింకు నిండినప్పుడు ఉండదు. వీలైతే రెండు పక్క చానెళ్లను ఆపి కూడా ఒకసారి చూడండి. బీఈఆర్ బాగా మెరుగైతే మీ బాధలో ఎక్కువ వాటా పక్కవాళ్లది. ఆ సంగతి లైసెన్సు నిర్ణయానికి పనికొస్తుంది.

ఇంకొక ఉచిత పరీక్ష ఉంది. దీన్ని ఎవరూ పట్టించుకోకపోవడం చూసి నాకు బాధగా ఉంటుంది. కోహెరెంట్ రిసీవర్ మొత్తం డిస్పర్షన్‌ను కొలిచి చూపుతుంది. దాన్ని చదవండి. జీ.652లో 1550 నానోమీటర్ల దగ్గర డిస్పర్షన్ కిలోమీటరుకు, నానోమీటరుకు సుమారు 17 పీకోసెకన్లు. 960 కిలోమీటర్లకు 16,300 చుట్టుపక్కల రావాలి. ఒకసారి ఇలాంటి పొడవున్న లింకులోనే నాకు 14,200 వచ్చింది. రికార్డుల్లో అంతా జీ.652 అనే ఉంది. వెతికితే రెండు స్పాన్లలో ఎప్పుడో కేబుల్ మార్చినప్పుడు జీ.655 వేశారని తేలింది. అందులో డిస్పర్షన్ నాలుగో వంతు, కోర్ కూడా కొంచెం చిన్నది. డిస్పర్షన్ తక్కువైతే చానెళ్లు ఒకదాన్నుంచి ఒకటి త్వరగా విడిపోవు, పక్కపక్కనే చాలాదూరం నడుస్తూ ఒకదాని ఫేజ్‌ను ఇంకొకటి పాడుచేస్తాయి. ఆ రెండు స్పాన్లకు మాత్రం లాంచ్ పవర్ 2 డీబీ తగ్గించాం. మిగతా పదింటిని ముట్టుకోలేదు. లింకు నిలదొక్కుకుంది.

డిస్పర్షన్ శత్రువని పాత పాఠ్యపుస్తకాల్లో చదువుకున్నవాళ్లకు ఇది మింగుడుపడదు. 1550 దగ్గర డిస్పర్షన్ సున్నా అయ్యేలా తయారుచేసిన జీ.653 ఫైబర్ ఒక్క చానెల్‌కు గొప్పగా పనిచేసింది. అదే ఫైబర్‌లో డబ్ల్యూడీఎం (వేర్వేరు తరంగదైర్ఘ్యాల మీద అనేక చానెళ్లు) మొదలుపెట్టగానే ఎఫ్‌డబ్ల్యూఎం విజృంభించి, చానెళ్ల నెత్తినే కొత్త పౌనఃపున్యాలు పుట్టుకొచ్చాయి. అలాంటి ఫైబర్ ఉన్నవాళ్లు ఎల్ బ్యాండ్‌కు (ఇంకా ఎక్కువ తరంగదైర్ఘ్యాల పట్టీకి) వెళ్లాల్సి వచ్చింది. కోహెరెంట్ రిసీవర్ వచ్చాక డిస్పర్షన్‌ను డిజిటల్‌గా తీసేయడం సులువు. కాబట్టి అది ఎంత ఎక్కువ ఉంటే మనకు అంత రక్షణ.

మీ లింకులో పాత 10 గిగాబిట్ రోజుల నాటి డిస్పర్షన్ కాంపెన్సేషన్ మాడ్యూళ్లు మిగిలి ఉన్నాయేమో చూడండి. మీరు ఆ మాట రాయలేదు, కానీ అడగక తప్పదు. ప్రతి స్పాన్ చివర డిస్పర్షన్‌ను వెనక్కి తిప్పితే ప్రతి స్పాన్‌లోనూ పల్సులు అదే ఆకారంతో బయలుదేరుతాయి. అప్పుడు వక్రీకరణలు చెల్లాచెదురుగా కాకుండా ఒకే దిశలో పేరుకుంటాయి. పైగా ఆ మాడ్యూళ్లలోని ఫైబర్ కోర్ చాలా చిన్నది, అందులోనే అదనపు వక్రీకరణ పుడుతుంది. అన్నీ కోహెరెంట్ చానెళ్లే అయితే వాటిని తీసేయండి. 10 గిగాబిట్ చానెళ్లు ఇంకా నడుస్తుంటే, వాటిని బ్యాండ్ ఒక కొసకు చేర్చి, మధ్యలో కొన్ని చానెళ్ల ఖాళీ వదిలి, వాటి పవర్ కొంత తగ్గించండి. వెలిగి ఆరే ఆ చానెళ్ల పవర్ హెచ్చుతగ్గులు పొరుగున ఉన్న కోహెరెంట్ చానెల్ ఫేజ్‌ను కుదిపేస్తాయి, రిసీవర్ ఫేజ్ లెక్క తప్పుతుంది.

ఇప్పుడు స్పాన్ల సంగతి. వక్రీకరణలో ఎక్కువ భాగం ప్రతి స్పాన్ మొదటి 20 కిలోమీటర్లలోనే పుడుతుంది. ఆ తర్వాత నష్టం వల్ల కాంతి నీరసపడిపోతుంది. దీనివల్ల రెండు సంగతులు తేలతాయి. మొదటిది, మంచి లాంచ్ పవర్ అనేది స్పాన్ల సంఖ్య మీద ఆధారపడదు. 5 స్పాన్లయినా 25 స్పాన్లయినా శిఖరం దాదాపు అక్కడే ఉంటుంది, ఎందుకంటే రెండు రకాల నాయిస్‌లూ స్పాన్‌తో పాటు సమంగా పోగవుతాయి. దూరం ఎక్కువ కాబట్టి పవర్ ఎక్కువ పంపాలి అనే ఆలోచన సహజమే కానీ తప్పు. రెండోది, స్పాన్లు అసమానంగా ఉంటే ప్రతి స్పాన్‌ను దాని లెక్కన చూడాలి. ఒక స్పాన్ నష్టం 3 డీబీ ఎక్కువైతే ఆ స్పాన్‌కు లాంచ్ 1 డీబీ పెంచండి, 3 డీబీ కాదు.

ఇక్కడే ఒక కేసు చెప్పాలి. ఒక లింకులో కనెక్టర్లు శుభ్రం చేసిన మర్నాటి నుంచి బీఈఆర్ పెరిగింది. శుభ్రం చేస్తే చెడటమేమిటని బృందం రెండు రోజులు తల పట్టుకుంది. జరిగింది ఇది. ఒక యాంప్లిఫయర్ అవుట్‌పుట్ దగ్గర కనెక్టర్ మురికిపట్టి 2 డీబీ తినేస్తోంది. ఎవరో అది గమనించి, కనెక్టర్‌ను తుడవకుండా యాంప్లిఫయర్‌నే 2 డీబీ పెంచి వదిలేశారు. శుభ్రం చేశాక ఆ 2 డీబీ తిన్నగా ఫైబర్‌లోకి వెళ్లింది, ఆ స్పాన్ శిఖరం దాటిపోయింది. లాంచ్ పవర్ అంటే యాంప్లిఫయర్ తెర మీద కనిపించే అంకె కాదు, గాజులోకి నిజంగా దిగే కాంతి. ప్యాచ్ కార్డులు, కనెక్టర్లు, ట్యాప్‌ల నష్టాన్ని తీసేసి లెక్కపెట్టండి. అదే 2 డీబీ నష్టం స్పాన్ చివర ఉంటే కథ వేరు. అక్కడ అది వక్రీకరణను ఏమాత్రం తగ్గించదు, నాయిస్‌ను మాత్రం పెంచుతుంది.

చానెల్ వేగం మార్చే ఆలోచన ఉంటే ఒక హెచ్చరిక. 0 డీబీఎం అనే అంకెను కంఠస్థం చేయవద్దు. అసలు లెక్క గిగాహెర్ట్జ్‌కు ఎంత పవర్ అన్నది. 32 గిగాబాడ్‌కు 0 డీబీఎం సరిపోతే 64 గిగాబాడ్‌కు సుమారు +3 సరిపోతుంది. రెండు రకాల చానెళ్లు ఒకే లైన్లో ఉన్నప్పుడు అన్నింటికీ ఒకే డీబీఎం పెడితే, వెడల్పు చానెళ్లు పస్తులుంటాయి లేదా ఇరుకు చానెళ్లు పక్కవాళ్లను పాడుచేస్తాయి.

మీరు సీ బ్యాండ్‌తో (1550 చుట్టూ ఉన్న మామూలు పట్టీతో) పాటు ఎల్ బ్యాండ్ కూడా వెలిగించాలనుకుంటే రామన్ ప్రభావాన్ని లెక్కలోకి తీసుకోవాలి. సర్ సి.వి. రామన్ 1928లో కనుగొన్న ఆ పరిక్షేపణే ఫైబర్‌లో తక్కువ తరంగదైర్ఘ్యాల శక్తిని ఎక్కువ తరంగదైర్ఘ్యాలకు తరలిస్తుంది. గాజులో ఇది సుమారు 13 టెరాహెర్ట్జ్ ఎడం దగ్గర అత్యధికం. సీ బ్యాండ్ ఒక్కటే నిండినప్పుడు స్పాన్‌కు ఒక డీబీ వాలు వస్తుందనుకుందాం. బ్యాండ్ వెడల్పు, మొత్తం పవర్ రెండూ రెట్టింపైతే వాలు నాలుగింతలవుతుంది. ఎల్ బ్యాండ్ చానెళ్లు హఠాత్తుగా ఆగిపోతే సీ బ్యాండ్ లెవెళ్లు కూడా కదులుతాయి. నకిలీ చానెళ్లతో బ్యాండ్‌ను ఎప్పుడూ నిండుగా ఉంచడానికి ఇదొక పెద్ద కారణం. మీ 12 స్పాన్ల లింకులో సీ ఒక్కటే కాబట్టి ఇప్పటికి దీని జోలికి పోనక్కరలేదు.

అదే రామన్ మనకు మేలు కూడా చేస్తుంది. స్పాన్ చివరి నుంచి వెనక్కి పంపు (సిగ్నల్‌కు శక్తినిచ్చే లేజర్) కాంతి పంపిస్తే, సిగ్నల్ పూర్తిగా నీరసపడకముందే ఫైబర్‌లోనే పెరుగుతుంది, నాయిస్ తగ్గుతుంది. శిఖరం దగ్గర యాంప్లిఫయర్ నాయిస్‌ను 3 డీబీ తగ్గిస్తే ఎస్‌ఎన్‌ఆర్ 2 డీబీ పెరుగుతుంది. అదే నాన్‌లీనియర్ నాయిస్‌ను 3 డీబీ తగ్గిస్తే పెరిగేది 1 డీబీ మాత్రమే. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టుకుంటే డబ్బు ఎక్కడ పెట్టాలో తెలుస్తుంది. పొడవైన ఒకటి రెండు స్పాన్లు మీ లింకును వెనక్కి లాగుతుంటే, అక్కడ రామన్ పెట్టడం లైసెన్సుకన్నా మేలు. ఒక్క జాగ్రత్త తప్పనిసరి. పంపు పవర్ వందల మిల్లీవాట్లు ఉంటుంది. కనెక్టర్ మీద చిన్న మురికి ఉన్నా కాలిపోతుంది, కళ్లకు చాలా ప్రమాదం. పంపు ఆపకుండా కనెక్టర్ ఊడదీయకూడదు.

చివరికి లైసెన్సు. డిజిటల్ బ్యాక్‌ప్రొపగేషన్ ఆలోచన అందమైనది. ఫైబర్‌లో సిగ్నల్‌కు జరిగిందంతా సమీకరణంలో వ్రాసి, గుర్తులు తిరగేసి, అందిన సిగ్నల్‌ను లెక్కలో వెనక్కి నడిపించి బయలుదేరిన చోటికి చేర్చడం. నాయిస్ లేకపోయి, అన్ని చానెళ్లూ చేతిలో ఉంటే నిజంగానే దాదాపు పూర్తిగా సరిచేయవచ్చు. మీ రిసీవర్ చూసేది మాత్రం బ్యాండ్‌లో ఒక చిన్న ముక్కను. పక్క చానెళ్లు ఏం పంపాయో దానికి తెలియదు. కాబట్టి అది తీసేయగలిగేది సొంత చానెల్ చేసుకున్న నష్టాన్నే. నిండిన లింకులో ఆ వాటా పావు వంతు అనుకుందాం. దాన్ని మొత్తం తుడిచిపెట్టినా శిఖరం లేచేది 0.4 డీబీ. పక్క చానెళ్లు ఆపిన పరీక్షలో బీఈఆర్ పెద్దగా మారకపోతే, అంటే వక్రీకరణ మీ చానెల్ సొంతదే అయితే, లాభం ఇంకొంచెం ఎక్కువ ఉంటుంది. చానెళ్లు తక్కువగా ఉండి, ఒక్కొక్కటీ వెడల్పుగా ఉన్న లింకుల్లో నేను దాన్ని వాడమనే చెబుతాను. ఒక చానెల్‌ను తక్కువ వేగం గల నాలుగైదు సబ్‌క్యారియర్లుగా విడగొట్టే మోడెమ్‌లు కూడా ఉన్నాయి. దూరం ఎక్కువైతే ఒక్కో సబ్‌క్యారియర్ కొద్ది గిగాబాడ్ల దగ్గర ఉండటం వక్రీకరణకు మేలు. కానీ ఆ లాభం కూడా డీబీలో పదోవంతుల్లోనే ఉంటుంది.

కాబట్టి మీ పని వరస ఇది. ఈ రాత్రే పవర్‌ను 0కి దించండి, సేవ నిలబడుతుంది. తర్వాత రిసీవర్‌లో డిస్పర్షన్ అంకె చదవండి. ఆపైన కనెక్టర్లు తుడిచి, ప్రతి స్పాన్‌లో నిజమైన లాంచ్ ఎంతో రాసుకోండి. అప్పుడు పవర్ మెట్ల పరీక్ష చేయండి. శిఖరం +1 దగ్గర దొరికితే లైన్ ఆరోగ్యంగా ఉందని అర్థం, మార్జిన్ కోసం రామన్ గురించో, ఆ చానెళ్లను తక్కువ మాడ్యులేషన్‌కు మార్చడం గురించో ఆలోచించాలి. శిఖరం −1 దగ్గరో అంతకన్నా కిందో వస్తే మాత్రం ఏదో స్పాన్‌లో ఫైబర్ రకం వేరు, లేదా పాత మాడ్యూల్ మిగిలిపోయింది, లేదా పవర్ అంకె అబద్ధం చెబుతోంది. ఆ గీత, డిస్పర్షన్ అంకె, స్పాన్ల నష్టాల పట్టిక మూడూ ఇక్కడ పెట్టండి. ఏ స్పాన్‌ను ముందు చూడాలో వాటిని బట్టి చెబుతాను.